ఎడమ పొయ్యి

మా ఇంట్లో ఏది కావాలన్నా మూడు కారణాలు చెప్పాలి. కొత్త చెప్పులు కావాలన్నా, స్నేహితురాలి ఇంటికి వెళ్ళాలన్నా, ఆఖరికి ఆదివారం ఇంకాసేపు పడుకోవాలన్నా సరే. మొదటి కారణం బలంగా ఉండాలి, రెండోది కాస్త తగ్గినా ఫరవాలేదు, అన్నిటికంటే గట్టిది చివర్లో రావాలి. ఈ వరస పెట్టింది నాన్న. ఆయన మా హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాడు. బళ్ళో చెప్పింది ఇంట్లో పాటించకపోతే అది చదువే కాదంటాడు. మనం చెబుతుంటే మూడు వేళ్ళు పైకెత్తి శ్రద్ధగా వినేవాడు. తరవాత ఒక్కో కారణానికీ ఎంతో మర్యాదగా జవాబు చెబుతూ ఒక్కో వేలూ మడిచేవాడు. ఒక్క వేలు నిలబడినా గెలుపు మనదే. నిలబడేది కాదు. మా నాన్న ఎప్పుడూ దేనికీ వద్దనలేదు. గెలిచేవాడు, అంతే.

నాకు ఈ ఆట బాగా అబ్బింది. పదిసార్లలో నాలుగైదుసార్లు నేనూ గెలిచేదాన్ని. అలా గెలిచిన రోజు ఓడిపోయిన నాన్నకే ఎక్కువ సంతోషం. అమ్మకి మాత్రం అబ్బలేదు. "మీ కోర్టులో నిలబడే ఓపిక నాకు లేదండీ" అని నవ్వేసి, కావలసింది మానుకునేది. మానుకుంటోందని నాకు తెలుసు. ఆట రాని వాళ్ళు అంతేలే అనుకునేదాన్ని.

ఆ వానాకాలం నేను పదో తరగతికి వచ్చాను, అంటే నాన్న క్లాసుకి. బడి గేటు దాటగానే ఆయన సార్ అయిపోయేవారు. కూతురికి మార్కులు వేసుకున్నాడని ఎవరూ అనకూడదని సార్ ఒక పద్ధతి పెట్టారు. వ్యాసం మీద పేరు ఉండదు, నంబరు ఉంటుంది. ఆ నంబర్లు క్లాసు లీడరు పంచుతాడు, ఏడాదంతా అవే. చేతిరాత గుర్తుపట్టకుండా బెంచీలో పక్కనున్నవాళ్ళు మన వ్యాసాన్ని సాపు రాసి ఇవ్వాలి. ఎదుటివాళ్ళ వాక్యాలు మన చేత్తో రాస్తే మన వాక్యాలూ బాగుపడతాయని కూడా అనేవారు. నా నంబరు పదిహేడు. నా పక్కన కూర్చునే పిల్లని అందరం డిక్షనరీ అనేవాళ్ళం, కనిపించిన ప్రతివాళ్ళనీ మాటలకి అర్థాలు అడుగుతుంది కాబట్టి. నా వ్యాసాలన్నీ ఆమె గుండ్రటి అక్షరాల్లో సార్ బల్ల మీదికి వెళ్ళేవి.

ముందు వర్ణన మొదలుపెట్టారు. బయట కిటికీ రేకు మీద వాన టపటపమంటుంటే సార్ గొంతు పెంచి, "కళ్ళు రాయాలి, నోరు కాదు. మంచిది, అందమైనది, దయగలది, ఈ మాటలన్నీ ఈ నెల సెలవులో ఉన్నాయి. మీ ఇంట్లో ఒక మనిషి పని చేసుకుంటుంటే చూసి రాయండి. రేపు ఆ మనిషి వీధిలో ఎదురైతే నేను గుర్తుపట్టాలి" అన్నారు.

నేను అమ్మ గురించి రాశాను. అమ్మ ఇంటి దగ్గర కుట్టుపని చేసేది. వీధిలో వాళ్ళ చొక్కాలకి కాలర్లు మార్చడం, పిల్లల లాగులు వదులు చెయ్యడం లాంటివి. బట్ట కత్తిరించే ముందు అమ్మ ఒక తమాషా చేస్తుంది. గుడ్డని బల్ల మీద పరిచి, సుద్దముక్క పెదాల మధ్య పెట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తుంది. అప్పుడు గుడ్డతో మాట్లాడుతుంది. "అటెక్కడికే, ఇటు రా. ఆఁ, అలా పడుకో బంగారం" అంటుంది. గుడ్డ మాట వింటే తనలో తాను నవ్వుకుని కత్తెర తీస్తుంది. ఒకసారి కత్తెర కదిలిందంటే మధ్యలో ఆగదు. ఇదంతా ఉన్నదున్నట్టు రాశాను.

ఇరవైకి పది మార్కులొచ్చాయి. అంచున ఎర్ర సిరాతో, "కల్పన ఎక్కువైంది. ఒంటరిగా ఉన్న మనిషి గుడ్డతో మాట్లాడి నవ్వదు. చూసి రాయాలి" అని ఉంది.

ఆ సాయంత్రం కాగితం తెచ్చి అమ్మకి చూపించాను. నాన్న ఇంకా ఇంటికి రాలేదు. అమ్మ కుట్టుమిషను తొక్కడం ఆపి, ఎర్ర అక్షరాలు కూడబలుక్కుని చదివి, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది.

"ఇరవైకి పదా? అయితే మీ నాన్నకి నేను సగం తెలుసన్నమాట. నయమే."

"చెప్పెయ్యనా, అది నువ్వేనని?"

"వద్దులే. ఆయన పద్ధతి ఆయన్ని పాటించుకోనీ."

నేనూ నవ్వాను. అప్పటికి అది మా ఇద్దరి మధ్యా జోకు.

ఆ తరవాతి వారం పిన్ని ఫోన్ చేసింది. పిన్ని అంటే అమ్మ చెల్లెలు. రైల్లో అయిదు గంటల దూరంలో వేరే ఊళ్ళో, స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. అక్కడ కటింగ్ బల్ల దగ్గర మనిషి కావాలట. గుడ్డ పొరలు పొరలుగా పరిచి ఒకేసారి కోసే పని. చెయ్యి వణకని మనిషి కావాలి. పిన్ని అమ్మ పేరు చెప్పింది, వాళ్ళు ఒకసారి రమ్మన్నారు, అమ్మ చెల్లికి ఒంట్లో బాలేదని నాన్నకి చెప్పి వెళ్ళి నాలుగు పొరలు కోసి చూపించి వచ్చింది. మర్నాడే కబురొచ్చింది, రమ్మని. వారమంతా పిన్ని గదిలో ఉండి శనివారం ఇంటికి రావచ్చు. నెలాఖరులోగా చెప్పాలి.

ఆ ఆదివారం భోజనాల దగ్గర అమ్మ కంచం పక్కకి జరిపి, "నేనూ మూడు కారణాలు చెబుతానండీ" అంది.

నాన్న ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకి అమ్మ ఆటలోకి వచ్చింది మరి. మూడు వేళ్ళూ ఎత్తాడు.

అమ్మ కార్ఖానా సంగతి చెప్పి, "మొదటిది, నాకా పని వచ్చు. రెండోది, వాళ్ళు నన్నే అడిగారు" అంది.  గ్లాసు అంచు మీద నీళ్ళు వేలితో తుడిచింది. "మూడోది, నాకు వెళ్ళాలనుంది."

నేను మనసులోనే పెదవి విరిచాను. గట్టిది చివర్లో రావాలని తెలీదా అమ్మకి? ఎంత బలహీనంగా ముగించింది!

నాన్న మెత్తగానే జవాబు చెప్పాడు. పని వచ్చినవాళ్ళు ఇక్కడా చేసుకోవచ్చు. ఒక వేలు. వాళ్ళు అడగడం వాళ్ళ అవసరం, మన అవసరం కాదు. రెండో వేలు. "ఇక మూడోది కారణం కాదు. అది కోరిక" అన్నాడు. మూడో వేలు మడిచాడు గాని పూర్తిగా మడవలేదు. ఆయనకీ ఎక్కడో ఇబ్బందిగా ఉన్నట్టుంది. "అయినా ఇది పెద్ద విషయం. నేనొక్కణ్ణే తేల్చేస్తే అన్యాయం. ఇంకో నాలుగు బుర్రలు ఆలోచించాలి" అన్నాడు.

"ఎవరి బుర్రలు?" అంది అమ్మ.

"చూద్దాం" అన్నాడు నాన్న.

ఎవరి బుర్రలో మంగళవారం తెలిసింది. వర్ణన అయిపోయింది, ఇవాళ్టి నుంచి వాదన అని సార్ బోర్డు మీద అంశం రాశారు. ఇంటిని నడిపే మనిషి ఉద్యోగం కోసం వేరే ఊళ్ళో ఉండటం సమంజసమా? అది చదవగానే నాకు చెవులు వేడెక్కాయి. ఎవరూ నా వైపు చూడలేదు, ఎవరికీ తెలీదనే అనుకున్నాను. అయినా మా ఇంటి మురికిబట్టలు తెచ్చి బోర్డు మీద ఆరేసినట్టనిపించి తల దించుకున్నాను.

పక్షం ఎంచుకునే హక్కు మాకు లేదు. ఖాళీ సుద్దముక్కల డబ్బాలో మడతపెట్టిన చీటీలు ఉంటాయి. సగం అవును, సగం కాదు. "మీకు నచ్చని పక్షం వచ్చిందా, మీరు అదృష్టవంతులు. నచ్చినదాని కోసం ఎవరైనా వాదిస్తారు" అన్నారు సార్. ఇంకో నియమం కూడా ఉంది. ప్రతి వాదనలోనూ కళ్ళారా చూసిన ఉదాహరణ ఒకటి ఉండాలి.

నా చీటీలో కాదు అని ఉంది. డిక్షనరీకి అవును వచ్చింది. ఆమెది మా వీధే. వాళ్ళ ఇంటి బట్టలన్నీ అమ్మే కుడుతుంది. కార్ఖానా కబురు అమ్మ ద్వారా వాళ్ళమ్మకీ, వాళ్ళమ్మ ద్వారా ఆమెకీ చేరింది. సార్ బోర్డు వైపు తిరిగి రాస్తుంటే నా మోచెయ్యి పొడిచింది.

"ఇది మీ అమ్మ సంగతేగా? నాది తీసుకో. నీది నాకియ్యి."

సార్ ఇంకా రాస్తూనే ఉన్నారు. చీటీలు మార్చుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంది. "రూలు ఒప్పుకోదు" అన్నాను.

రూలు మీద నాకేమీ అంత భక్తి లేదు. వర్ణనకి వచ్చిన పది మార్కులు నన్ను ఇంకా కుడుతున్నాయి. ఈసారి గెలవాలి. అదొక్కటే అయితే కొంత నయం. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, కారణాల కోసం నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. బడి నుంచి వచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉండటం, తడి గొడుగు నేనే ఆరబెట్టుకోవడం, నాన్నా నేనూ ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరం కారణాలు చెప్పుకోవడం కళ్ళకి కట్టాయి. చీటీ నాకు దొరికింది నిజమే. కానీ ఆ వాదన చీటీలోది కాదు, నాదే.

ఉదాహరణకి మా పొయ్యి పెట్టాను. మాది రెండు మంటల గ్యాసు పొయ్యి. కుడివైపుది మామూలుగా వెలుగుతుంది. ఎడమవైపుది మొండిఘటం. అమ్మ ఏదో మీట కాస్త తిప్పి, ఏదో పట్టకారుతో కాస్త జరిపి, ఒక్కసారి ఊది, అప్పుడు వెలిగిస్తుంది. ఇలా రాశాను: "ఒక ఇంట్లో ఎడమ పొయ్యి ఉంది. దాన్ని వెలిగించగలిగేది ఒక్కతే. ఎలాగో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఆమె వెళ్ళిపోయిన రోజు ఆ ఇంట్లో సగం నిప్పు ఆరిపోతుంది."

సాపు రాస్తూ డిక్షనరీ ఆ పేరా దగ్గర కలం ఆపింది. ఈసారి అర్థాలేమీ అడగలేదు. "ఇది తీసేద్దామా?" అంది.

"ఉన్నదున్నట్టు రాయి" అన్నాను.

ఇరవైకి ఇరవై వచ్చాయి. సార్ ఇరవైకి ఇరవై వెయ్యడం మా బళ్ళో ఎవరూ ఎరగరు. క్లాసులో చదివి వినిపించారు కూడా. ఆ పొయ్యి వాక్యాలు రెండుసార్లు చదివి, "ఇదీ చూసి రాయడమంటే" అన్నారు. నేను బల్ల మీద గీతలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకుని కూర్చున్నాను. లోపల మాత్రం పొంగిపోయాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

ఆయన దాన్ని ఇంటికి తెస్తారని మాత్రం అనుకోలేదు.

మళ్ళీ ఆదివారం. బయట వాన. తడి బట్టలు వంటింటి తాడు మీద వేలాడుతున్నాయి. అమ్మ కూర వడ్డిస్తుంటే నాన్న జేబులోంచి మడతలు విప్పి కాగితం తీశాడు. డిక్షనరీ గుండ్రటి అక్షరాలు దూరం నుంచే కనిపించాయి. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇది నా మాట కాదు. పిల్లల్లో ఎవరో రాశారు. పేరు నాకూ తెలీదు, నంబరు పదిహేడు. నీ విషయమని వాళ్ళకీ తెలీదు. ఇంతకంటే నిష్పక్షపాతంగా ఎవరు చెబుతారు?" అన్నాడు.

అమ్మ గరిటె గిన్నెలో పెట్టి కూర్చుంది. ఇంగ్లీషు కొంత తెలుసు ఆవిడకి. అయినా నాన్న ఒక్కో పేరా చదివి తెలుగులో విడమరిచి చెప్పాడు. చదవడం ఆయనకి చాలా ఇష్టం. గొంతు ఎక్కడ దించాలో, ఎక్కడ ఆగాలో అన్నీ తెలుసు. ఎడమ పొయ్యి వచ్చింది. ఆయన ఆగాల్సిన చోట ఆగాడు. ఆయన వెనక మూడడుగుల దూరంలోనే ఉంది ఆ పొయ్యి. తల తిప్పనైనా తిప్పలేదు. ఆయన దాన్ని ఎన్నడూ వెలిగించలేదు మరి.

అమ్మ పొయ్యి వైపు చూసింది. తరవాత నా కంచం వైపు చూసింది. నా ముఖం వైపు చూడలేదు.

"ఆ పొయ్యి ముక్క ఇంకోసారి చదవండి."

నాన్న సంతోషంగా మళ్ళీ చదివాడు.

"ఎవరూ అడగలేదు అని కూడా రాశారా?"

"రాశారు. అదే అందం."

"బాగా చూసి రాశారు" అంది అమ్మ. కూర గిన్నె నా వైపు జరిపి, "వేసుకో, చల్లారిపోతుంది" అంది.

అరిస్తే బాగుండేది. చెవి మెలిపెట్టినా బాగుండేది. నేను కూర వేసుకుని తిన్నాను. తల కొట్టేసినట్టుంది. లేచి వెళ్ళడానికి కూడా మొహం చెల్లలేదు.

సాయంత్రం అమ్మ పిన్నికి ఫోన్ చేసింది. వసారాలో నిలబడి, గట్టిగానే మాట్లాడింది. "కుదరదే. లేదు, ఆయన వద్దనలేదు. ఎవరూ వద్దనలేదు. ఇంట్లో ఇబ్బందట. ఇంకెవరినైనా చూసుకోమను." కాసేపు అవతలివైపు విని, "ఏడవడానికేముందే ఇందులో" అంది. ఫోన్ పెట్టేసి లోపలికొచ్చి, మిషను మీద సగంలో ఉన్న కాలరు పూర్తి చేసింది.

ఆ తరవాత నెలంతా అమ్మ మామూలుగానే ఉంది. వంట, కుట్టు, వీధివాళ్ళతో కబుర్లు. గుడ్డతో మాట్లాడటం మాత్రం మానేసింది. నేను తలుపు పక్క నుంచి చూసేదాన్ని. పరిచేది, సుద్ద గీసేది, కోసేది. అంతే. నాలుగైదుసార్లు దగ్గరికి వెళ్ళి, "అమ్మా" అన్నాను.

"ఊఁ."

"ఆ పదిహేడు..."

"ఆ సూదుల డబ్బా ఇలా ఇయ్యి" అనేది. నేను ఇచ్చేదాన్ని. మాట అక్కడితో ఆగిపోయేది.

వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక ఆదివారం, అమ్మ మంచం మీద సంచీ పెట్టుకుని బట్టలు సర్దుతోంది. కత్తెర ఒక పాత తువ్వాలులో చుట్టి అడుగున పెట్టింది. నాన్న పేపరు చదువుతూ, "ఎక్కడికి?" అన్నాడు.

"చెల్లి దగ్గరికి. కార్ఖానాలో ఇస్త్రీ బల్ల ఖాళీ ఉందట. కటింగ్‌కి వేరే మనిషి వచ్చేసింది. రేపు పొద్దున బండికి వెళ్ళి శనివారం వస్తాను."

నాన్న అలవాటు కొద్దీ పేపరు దించి వేళ్ళు ఎత్తబోయాడు. అమ్మ చూడలేదు. సంచీ జిప్పు లాగుతోంది. కారణాలు చెప్పలేదు. ఒక్కటి కూడా చెప్పలేదు. ఎత్తిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలీక నాన్న కళ్ళజోడు సర్దుకున్నాడు. ఇస్త్రీ బల్ల! అంత నిక్కచ్చిగా కోసే చెయ్యి, ఇక ఇంకెవరో కోసిన గుడ్డల మడతలు సాపు చెయ్యాలి.

మర్నాడు అమ్మ వెళ్ళాక నాన్నా నేనూ వంటింట్లో నిలబడ్డాం. కుడి పొయ్యి మీద నేను గిన్నె పెట్టాను. నాన్న టీ కోసం ఎడమదాని మీద నీళ్ళు పెట్టి లైటరు నొక్కాడు. వెలగలేదు. మీట అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వంగి చూశాడు. లైటరు టిక్కు టిక్కుమంటూనే ఉంది, మంట రాలేదు. అప్పుడు ఆయన చెయ్యి ఆగిపోయింది.

మంచి వాక్యం ఒకసారి చదివితే నాన్న మరిచిపోడు. పొయ్యి మీంచి కళ్ళు తియ్యకుండా, ఇంగ్లీషులో, మెల్లగా, ఆగాల్సిన చోట కూడా ఆగకుండా ఆ వాక్యాలన్నీ చివరిదాకా చెప్పాడు.

"పదిహేడు నువ్వా?"

తలూపాను.

"అమ్మకి తెలుసా?"

"ఆ రోజే తెలిసింది."

లైటరు గట్టు మీద పెట్టాడు. తరవాత అడిగాడు, అడగడం ఇష్టం లేనట్టు. "వర్ణనలో పదిహేడు... గుడ్డతో మాట్లాడే ఆవిడ..."

"అమ్మే."

నాన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన ముఖం అలా ఎర్రబడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఎంతమంది పిల్లల వ్యాసాల మీద రాశాడో, చూసి రాయాలి అని. నేను కళ్ళు తిప్పేసుకున్నాను. ఇద్దరం సిగ్గుపడుతున్న ఆ వంటింట్లో చూడటానికి చోటు లేకపోయింది.

లేచి మళ్ళీ పొయ్యి ముందుకొచ్చాడు. "సరే. ఎలా వెలిగించాలో చెప్పు. రాశావుగా."

"చూసి రాశాను నాన్నా. చెయ్యడం నాకూ తెలీదు."

ఆ వారం మేం కుడి పొయ్యితోనే గడిపాం. క్లాసులో సార్ వాదనలు కట్టిపెట్టి గ్రామరు చెప్పారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

శనివారం సాయంత్రం అమ్మ వచ్చింది. సంచీ గుమ్మంలో దింపి, చెప్పులు విప్పి, చన్నీళ్ళతో ముఖం కడుక్కుంది. తుడుచుకుంటుంటే కుడి మణికట్టు మీద వేడి ఇస్త్రీపెట్టె అంచు తగిలిన ఎర్ర మచ్చ కనిపించింది. మనిషి అలిసిపోయి ఉంది, కానీ వారం కిందటి మనిషిలా లేదు. ఏదో కూనిరాగం కూడా తీస్తోంది. వంటింట్లోకొచ్చి, కుడి పొయ్యి మీద నాన్న పెట్టిన టీ నీళ్ళూ, పక్కన వంతు కోసం ఎదురుచూస్తున్న కూర గిన్నె, చల్లగా ఉన్న ఎడమ పొయ్యీ చూసింది. 

నాన్న చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వెళ్ళాడు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నాకు కొత్త.

"ఆ ఎడమ పొయ్యి ఎలా వెలిగించాలో కాస్త చూపించవూ."

అమ్మ తువ్వాలు భుజాన వేసుకుని ఆయన వైపు తిరిగింది.

"ఎందుకో మూడు కారణాలు చెప్పండి" అంది.

నవ్వుతూ అన్లేదు, కోపంగానూ అన్లేదు.  నాన్న చేతులు రెండూ కిందికి వేలాడుతూ ఉండిపోయాయి. కుడి పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి.

అమ్మ అడిగింది ఆయన్ని. కానీ మూడు కారణాలూ నా నోటి చివరిదాకా వచ్చి నిలబడ్డాయి, వరసగా, గట్టిది చివర్లో. నా మీద నాకే రోత పుట్టింది. పళ్ళు బిగపట్టి, అమ్మ మణికట్టు మీద మచ్చనే చూస్తూ నిలబడ్డాను.